తీసేసిన మీటరు

తమ్ముడు పోయిన రోజున సముద్రం మీద చెప్పుకోదగ్గ వాతావరణం ఏమీ లేదు. అల్పపీడనం లేదు, వాయుగుండం లేదు, ఏదైనా పుట్టే సూచన కూడా లేదు. అయినా బులెటిన్ రాయాలి. ఏమీ లేనప్పుడు ఏమీ లేదని రాసి పంపడం ఆ వాతావరణ ఆఫీసు పని. పంపకపోతే ఓడలవాళ్ళు ఏదో ముంచుకొస్తోందనుకుంటారు. అక్క సముద్రపు ఆరో భాగం దాకా రాసింది. అప్పుడు ఫోను మోగింది.

అవతల మరదలు. ఏడవడం లేదు.

"వదినా, ఆయన పోయారట."

"ఎక్కడ?"

"రేవులోనే. ఓడ కట్టేసి ఉందట. పొద్దున ఎంత లేపినా లేవలేదట. తలలో నరం చిట్లిందంటున్నారు."

అక్క "ఊఁ" అంది. ఇంకా ఏదో అడగాలి. "పిచ్చుక ఏం చేస్తోంది?" అని అడిగింది. పిచ్చుక అంటే తమ్ముడి కూతురు. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచమంటూ ఉంటుందని తమ్ముడే పెట్టిన పేరు.

"ఆడుకుంటోంది. దానికి ఇంకా చెప్పలేదు."

ఫోను పెట్టేసి అక్క ఏడో భాగం రాసింది. గాలి తేలిక నుంచి మోస్తరు, అలలు మీటరు లోపు, హెచ్చరికలు లేవు. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషి ఆమె ముఖం చూసి లేచాడు. వేడినీళ్ళు తప్ప టీ గానీ కాఫీ గానీ ముట్టడు కనక ఆయన్ని అందరూ వేన్నీళ్ళాయన అనేవారు. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"ఏమైందమ్మా?"

"తమ్ముడు పోయాడు."

"అయ్యో. నువ్వు లే. లేచి వెళ్ళు. మిగతాది నేను రాస్తాను."

"ఇంకా రెండు భాగాలే ఉన్నాయండీ," అంది అక్క. ఆ రెండూ రాసింది. మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. పంపింది. అప్పుడు సంచీ తీసుకుని మెట్లు దిగింది.

*

ఆఫీసులో అందరూ ఆమెను అక్క అని పిలవడానికి కారణం తమ్ముడే. అతను సరుకుల ఓడలో సెకండ్ ఆఫీసరు. ఏ రేవులో దిగినా ఆఫీసుకు ఫోను చేసి, ఎత్తింది ఎవరైనా సరే "మా అక్కని పిలవండి" అనేవాడు. ఒకసారి ఆ విభాగానికి అధికారి అయిన పెద్దాయనే ఎత్తాడు. ఆయన తన ఫోను తప్ప మరొకరి ఫోను ఎత్తి ఎరగడు. గుమ్మంలోకి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఇక్కడ అక్కెవరు?" అని అడిగాడు. గదంతా గొల్లున నవ్వింది. అప్పటి నుంచి ఆమె జీతం పట్టీలో తప్ప మరెక్కడా సొంత పేరుతో లేదు.

వాళ్ళ పని వినడానికి తేలిక. సముద్రాన్ని భాగాలుగా కోసి నంబర్లు పెట్టుకున్నారు. ఒక్కో భాగంలో గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వీస్తుందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో రోజూ చెప్పాలి. మేఘాలను ఉపగ్రహం చూపిస్తుంది. కంప్యూటరు తన లెక్క తాను వేస్తుంది. అలల ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళ మీద ఉన్నవాళ్ళు చెప్పే మాటకు విలువ ఎక్కువ. ఏడో భాగంలో అలలు కొలవడానికి తేలుతూ నిలిపిన పీపా గొలుసు తెంచుకుని ఎటో కొట్టుకుపోయింది. కొత్తది ఇదిగో అదిగో అంటున్నారు. అది వచ్చేదాకా ఆ దారిన పోయే ఓడలే దిక్కు. ఓడ మీద ఒక అధికారి నిలబడి, కంటితో అంచనా కట్టి, అంకెలు పంపుతాడు. ఏడో భాగంలో తరచూ తిరిగే ఓడ తమ్ముడిది.

తమ్ముడికి ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు పుట్టుకతోనే లేదు. వీధి చివర కుక్కను చూసొచ్చి దూడంత ఉందన్నవాడు. మోకాలు గీరుకుపోతే తొడ దాకా కట్టు కట్టించుకుని బడి ఎగ్గొట్టినవాడు. ఆ ఓడ ఎక్కిన కొత్తలో అలలు మూడు మీటర్లని పంపాడు. చుట్టుపక్కల ఓడలన్నీ రెండంటున్నాయి. అక్క నవ్వుకుని రెండు రాసింది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, నలుగురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, పంచాయితీ పెట్టాడు.

"నేను మూడు పంపితే మీ బులెటిన్లో రెండెలా అయిందక్కా?"

"నువ్వు చూసిన కుక్క దూడంత ఉంది కాబట్టి."

"అంటే నా మాట మీద నమ్మకం లేదు."

"ఎందుకు లేదు? ఒక మీటరు తీసేసి నమ్ముతాను."

"ఓహో. ఎలాగూ తీసేస్తానంటున్నావు కనక, ఇక మీద నేనే ఒకటి కలిపి పంపిస్తా."

"నువ్వు కలుపుతావని తెలుసు కనక నేను తీసేస్తా."

మరదలు నీళ్ళ జగ్గు బల్ల మీద పెడుతూ, "మీ అక్కాతమ్ముళ్ళ మధ్య పడి ఆ సముద్రం నలిగిపోతోంది," అంది. పిచ్చుకకు ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వింది.

నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగా ఆగలేదు. అతను కలిపేవాడు, ఆమె తీసేసేది. అది పద్ధతి కాదని ఇద్దరికీ తెలుసు. కానీ అతను కలిపి, ఆమె తీసేశాక మిగిలిన అంకె సముద్రంలో ఉన్నదానికి ఎప్పుడూ సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు కనక ఎవరికీ చెప్పలేదు.

*

అక్క మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏడుపు వస్తుందని చూసింది. రాలేదు. రాని బస్సు కోసం నిలబడి నిలబడి నడక మొదలుపెట్టిన మనిషిలా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పలకరించేవాళ్ళు బల్ల దాకా వచ్చి, ఫ్యాను వైపో కిటికీ వైపో చూసి వెళ్ళిపోయేవారు. వేన్నీళ్ళాయన రోజూ ఒక గ్లాసు వేడినీళ్ళు ఆమె బల్ల మీద కూడా పెట్టేవాడు. అవి తాగితే ఏం లాభమో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తాగేది.

అన్నీ ఆమెకు కాస్త దూరం జరిగాయి. ఎవరైనా మాట్లాడితే పక్క గదిలో మాట్లాడుతున్నట్టుండేది. నాలుక కాలాక గానీ నీళ్ళు వేడిగా ఉన్నాయని తెలిసేది కాదు. పని మాత్రం ఆగలేదు. గాలి దిక్కులు, పీడనం గీతలు, మేఘాల పొడలు కంటికి కనబడేవి, చేతి మీదుగా బులెటిన్లోకి వెళ్ళిపోయేవి.

ఓడ రేవులోంచి కదిలింది. తమ్ముడి స్థానంలో కొత్త అధికారి ఎక్కాడు. ఓడ పేరు అదే, కబురు వచ్చే వేళలు అవే. మొదటి కబురులో అలలు ఒకటిన్నర అని ఉంది. అక్క అర అని రాసింది. తీస్తున్నట్టు ఆమెకు తెలుసా అంటే తెలుసనీ చెప్పలేం, తెలియదనీ చెప్పలేం. ఓడ పేరు కనబడగానే చెయ్యి ఒకటి తీసేసింది. మర్నాడూ తీసేసింది. సముద్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్న రోజులవి. ఒకటిన్నరకూ అరకూ తేడా ఏ పడవవాడూ పట్టించుకోడు. అందువల్ల అది సాగిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం మరదలు ఫోను చేసింది. ఆమె ఉండేది అవతలి దీవిలో, బట్టలు కుట్టే దుకాణంలో పని. దీవికీ ఈ ఒడ్డుకూ మధ్య లాంచీ తిరుగుతుంది. ఆ నీళ్ళు కూడా ఏడో భాగంలోనివే.

"వదినా, ఓడ కంపెనీవాళ్ళు ఆయన పెట్టె పంపించారు."

"ఏముంది అందులో?"

"తెరవలేదు. నంబరు తాళం. పగలగొట్టిస్తే వచ్చేస్తుంది గానీ, ఒక్కదాన్నే తెరవలేను. నువ్వూ ఉంటే బాగుంటుంది. పిచ్చుకని తీసుకుని రేపు వచ్చేస్తాను. దాటొచ్చా?"

ఆ ఇంట్లో ఎవరూ అక్కని అడగకుండా లాంచీ ఎక్కరు. అది తమ్ముడు పెట్టిన కట్టుబాటు.

"సాయంత్రం చెప్తాను," అంది అక్క.

దక్షిణాన ఒక అల్పపీడనం పుట్టి ఉంది. పెద్దది కాదు, ఎటు కదలాలో దానికే తెలియనట్టు ఉంది. దాని అలలు మాత్రం ముందే బయల్దేరాయి. కంప్యూటరు రెండున్నర అంది. ఓడ మూడు అంది. రెండు దాటితే రేవు అధికారి లాంచీలను కదలనివ్వడు. అక్క ఓడ అంకె చూసింది. మూడులో ఒకటి పోతే రెండు. కంప్యూటరు ఎప్పుడూ కాస్త ఎక్కువ చెప్తుందని తనకు తాను చెప్పుకుంది. ఏడో భాగంలో అలలు రెండు మీటర్లు అని రాసి పంపింది.

మరదలికి ఫోను చేసి, "రండి. రెండే," అంది.

*

మర్నాడు ఓడ పంపిన కబురులో అలలు మూడున్నర అని ఉంది. అంకెల వెనక ఒక వాక్యం కూడా ఉంది. ఓడలవాళ్ళు ఏదైనా చెప్పదలుచుకుంటే అక్కడ మామూలు మాటల్లో రాస్తారు. కొత్త అధికారి రాశాడు: "మీ బులెటిన్లో మాకు రెండు మీటర్లంటున్నారు. మేము మూడున్నరలో ఊగుతున్నాం. మనిద్దరం ఒకే సముద్రం గురించేనా మాట్లాడుకుంటున్నది?"

అక్క ఆ వాక్యం చదివింది. తెలియని మనిషి రాసింది. మాట తీరు వేరు, వెటకారం వేరు. ఈ మనిషి ఏమీ కలపలేదు. ఈమె తీసేసింది అతను నిజంగా చూసిన మీటరు.

"ఏవండీ," అంది వేన్నీళ్ళాయనతో. గొంతు మామూలుగానే ఉంది. "ఏడో భాగం తప్పు పంపాను. సవరణ పెట్టాలి."

"ఎంత?"

"మూడున్నర. హెచ్చరికతో."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "లాంచీలు?"

అప్పటికే అక్క రేవుకు ఫోను కలిపింది. లాంచీ బయల్దేరి చాలాసేపయిందన్నారు. మరదలి ఫోను అందడం లేదు. సవరణ ఇద్దరూ కలిసి పంపారు. ఓడకు కూడా రాసింది: "మీ అంకె సరైనదే. పొరపాటు మాది." రాసి లేచింది.

"నేనూ రానా తల్లీ?" అన్నాడాయన.

"వద్దండీ. ఎవరో ఒకరు ఇక్కడుండాలి."

రేవులో గాలి పెద్దగా లేదు. ఎండ కాస్తోంది. చూసేవాళ్ళకు ఇదేం తుఫాను వాతావరణం అనిపిస్తుంది. ఎక్కడో పుట్టిన అల ఇక్కడికి గాలితో పని లేకుండా వస్తుంది. జెట్టీ కింద నీళ్ళు నెమ్మదిగా లేచి, ఆగి, మెట్లన్నీ మింగి, మళ్ళీ దిగుతున్నాయి. అక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. మొక్కుకోవాలని కూడా తట్టలేదు. లేచిన ప్రతి అలనూ కొలిచింది. మూడు. మూడు పైన. మూడు. తీసేయడానికి ఏమీ లేదు.

లాంచీ కనబడింది. ఒకసారి కనబడి మాయమైంది, మళ్ళీ కనబడింది. జెట్టీకి ఆనుకోవడానికి నానా తంటాలు పడింది. దిగినవాళ్ళందరూ తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నారు. లాంచీ నడిపే సరంగు తాడు విసురుతూనే అరుస్తున్నాడు.

"రెండన్న మహానుభావుడెవడో ఒక్కసారి నా ఎదట నిలబెట్టండయ్యా! రెండట రెండు! మా తాత ముత్తాతలందరూ కనబడ్డారు నాకు!"

అక్క ముందుకు వచ్చింది. "నేనే రాశాను."

సరంగు ఆమెను ఎగాదిగా చూశాడు. తిట్టడానికి నోరు తెరిచినవాడు, ఆ ముఖంలో ఏం కనబడిందో, మూసేశాడు. "ఈసారి మీరూ ఎక్కండమ్మా," అన్నాడు చివరికి. "ఇద్దరం కలిసి కొలుద్దాం."

మరదలు పిచ్చుకను చంకనేసుకుని దిగింది. ఆ పిల్ల చంక దిగి చాలా ఏళ్ళయింది. పిల్ల పెదాలు పాలిపోయి ఉన్నాయి గానీ అత్తను చూడగానే గొంతు లేచింది.

"అత్తా! నేను ఏడుసార్లు కక్కాను!"

"మూడుసార్లు," అంది మరదలు.

"ఏడుసార్లా?" అంది అక్క. "అమ్మో."

పిచ్చుక తృప్తిగా తల్లి భుజం మీద తల వాల్చింది. అక్క చుట్టూ చూసింది. మరదలి చేతిలో బట్టల సంచీ ఒక్కటే ఉంది.

"పెట్టె పోయింది వదినా," అంది మరదలు. "కింద చోటు లేదని లాంచీ పైన కట్టారు. సగం దూరంలో పడవ పక్కకి ఒరిగింది. తాడు తెగింది. కాసేపు తేలింది కూడా. సరంగు తిప్పలేనన్నాడు. తిప్పితే బోల్తా కొడతామన్నాడు."

"ఊఁ," అంది అక్క.

*

ఇంటికి వచ్చి తడి బట్టలు మార్చుకున్నారు. పిచ్చుక పడుకోగానే నిద్రపోయింది. మరదలు వంటగది గుమ్మంలో నిలబడి, తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ, మెల్లిగా అడిగింది.

"నువ్వు రెండన్నావు కదా వదినా."

"అన్నాను."

"లాంచీలో అందరూ తిడుతుంటే నేను పోట్లాడాను తెలుసా. మా వదిన చెప్పింది, ఆమె చెప్తే తప్పదు అని. పక్కనున్న ముసలాయన, 'మీ వదిన చెప్పిందని అలకి చెప్పమ్మా, వింటుందేమో' అన్నాడు."

అక్క పొయ్యి మీద గిన్నె పెట్టింది. నీళ్ళు పోసింది. పొయ్యి వెలిగించలేదు.

"ఓడ మూడు పంపింది," అంది. "నేను ఒకటి తీసేశాను."

మరదలి చెయ్యి జుట్టులోనే ఆగింది. భోజనాల బల్ల దగ్గర జరిగిన పంచాయితీ ఆమెకు తెలుసు. ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

"ఆ ఓడలో ఇప్పుడు ఆయన లేరు కదా వదినా."

"లేడు."

"అయినా తీసేశావా?"

"ఓడ పేరు అదే. చెయ్యి తీసేసింది."

మరదలు తువ్వాలు తీసి మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది. "అంటే ఆయన పోయాక కూడా ఆయన్ని నమ్మకపోవడం మానలేదన్నమాట నువ్వు," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే అక్కకు తేలికగా ఉండేది.

"ఆ పెట్టెలో వాడి చొక్కాలుంటాయి," అంది అక్క.

"ఉంటాయి. నాకు కొనుక్కొస్తానన్న కత్తెర ఉంటుందేమో. పిచ్చుకకేదో బొమ్మ తెస్తానన్నారు." మరదలు గుమ్మం లోంచి కదిలి వచ్చి పొయ్యి వెలిగించింది. "తెచ్చారో లేదో ఇక తెలియదు."

ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ పిచ్చుకకు జ్వరం వస్తుందేమోనని మాట్లాడుకున్నారు. చెయ్యి వేసి చూస్తే జ్వరం లేదు.

మర్నాడు విభాగం అధికారి పెద్దాయన తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. లాంచీలో ఒక ముసలావిడకు మణికట్టు విరిగిందనీ, ఇంకెవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదనీ చెప్పాడు. తప్పు ఎలా జరిగిందని అడిగాడు. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ తంతు?"

"వాడు ఆ ఓడ ఎక్కినప్పటి నుంచి."

"అతను కలుపుతాడని నీకు తెలుసు. నువ్వు తీసేస్తావని అతనికి తెలుసు. జీతాలు తీసుకుని ఇక్కడ కూర్చున్న మాకెవరికీ తెలియదు." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "బాగుందమ్మా. పైవాళ్ళకి ఏదో ఒకటి రాసుకుంటాలే. కొన్నాళ్ళు ఏడో భాగం వేన్నీళ్ళాయనకిచ్చెయ్."

ఏడో భాగం వేన్నీళ్ళాయన బల్లకు మారింది. ఓడ కబుర్లు కూడా అటే వెళ్ళాయి. అక్క మిగతా భాగాలు రాసింది. అల్పపీడనం వాయుగుండమై, ఎవరి జోలికీ రాకుండా అవతలి వైపు వెళ్ళి, నడి సముద్రంలో చెదిరిపోయింది. దాని అలలు మాత్రం ఇంకొన్నాళ్ళు వచ్చాయి. అందాకా లాంచీలు ఆగిపోయాయి. మరదలూ పిచ్చుకా ఉండిపోయారు. పిచ్చుక ఆఫీసుకు కూడా వచ్చి, వేన్నీళ్ళాయన గ్లాసులో వేలు ముంచి, "మరుగుతున్నాయి!" అని కేకపెట్టింది. అవి గోరువెచ్చగా ఉన్నాయి. "అవునమ్మా, వేలు ఊడిపోయుండేది," అన్నాడాయన. మరదలు వంట చేసేది, అక్క గిన్నెలు కడిగేది. పెట్టె మాట మళ్ళీ రాలేదు. జాలర్లకు చెప్పి ఉంచమని సరంగును అడిగారు. చెప్తానన్నాడు. ఏ కబురూ రాలేదు.

సముద్రం నెమ్మదించింది. ఓడ ఒకటి అంది, కంప్యూటరు ఒకటి అంది, వేన్నీళ్ళాయన బులెటిన్లో ఒకటి అని రాశాడు. మూడు చోట్లా ఒకటే అంకె. అక్క దాన్ని మూడు చోట్లా చూసి ఇంటికి వచ్చింది.

మరదలు మంచం మీద బట్టలు పరిచి సర్దుతోంది. దుకాణంవాళ్ళు రెండుసార్లు ఫోను చేశారట. పిచ్చుకకు బడి పోతోంది. మరదలు తలెత్తకుండా, ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగింది.

"రేపు దాటొచ్చా వదినా?"

అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. పిచ్చుక వచ్చి ఒళ్ళో ఎక్కింది. మరదలు సంచీ మూతి కట్టి, పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుని ఆమె వైపు చూసింది. రేవులో ఇంకెవరినైనా అడిగి ఉంటే మరదలికి సరిపోయేది. అడగలేదు.

"ఒకటే. దాటొచ్చు," అంది అక్క. "రేపు నేనూ లాంచీ ఎక్కుతాను."